పాత వెంబ్లీ: 77 ఏళ్లు, 2 బురుజులు, లెక్కలేనన్ని రికార్డులు

లండన్ నగరానికి వాయవ్యాన వెంబ్లీ. అక్కడి పాత స్టేడియంలో తొలి ఆట 1923 ఏప్రిల్ 28న, ఆఖరి ఆట 2000 అక్టోబరు 7న. మధ్యలో ఫుట్‌బాల్, ఒలింపిక్స్, బాక్సింగ్, కుక్కల పందేలు, పాటల కచేరీలు... జరగనిది లేదు. రికార్డు లేకుండా పోయిన దశాబ్దమూ లేదు. చదవండి!

అతి పొడవు కావాలనుకుని అతి పొట్టిగా మిగిలింది

స్టేడియం కంటే ముందు ఆ నేల మీద లేచింది ఓ ఇనుప గోపురం. 1889లో పారిస్‌లో ఈఫిల్ టవర్ 300 మీటర్లకు లేస్తే, రైల్వే దిగ్గజం ఎడ్వర్డ్ వాట్కిన్‌కు పంతం పుట్టింది. వేసిన ప్లాను 358 మీటర్లు. కట్టింది 47 మీటర్లు! నేల కుంగింది, డబ్బు అయిపోయింది, పని ఆగిపోయింది. 1907లో డైనమైట్ పెట్టి పేల్చేశారు. దాని పునాదులు మళ్లీ బయటపడింది 2002లో, కొత్త స్టేడియం కోసం నేల తవ్వినప్పుడే.

అతి వేగంగా లేచిన కట్టడం

పట్టిన కాలం 300 రోజులు. అయిన ఖర్చు 7.5 లక్షల పౌండ్లు. పోసిన కాంక్రీటు 25,000 టన్నులు. మెట్లు బరువు మోస్తాయా లేదా అని తేల్చుకోవడానికి వందల మందిని ఎక్కించి కవాతు చేయించారు. ఇదే చోట లేచిన కొత్త స్టేడియానికి పట్టింది నాలుగేళ్ల పైమాటే. ఖర్చు 80 కోట్ల పౌండ్లకు దరిదాపు!

అతి ఎత్తైన గుర్తు

వెంబ్లీ అనగానే కళ్లముందు నిలిచేవి ముఖద్వారం దగ్గరి జంట బురుజులు. తెల్లటి కాంక్రీటు, నెత్తిన గుమ్మటం, గుమ్మటం మీద జెండా. ఒక్కోటి 126 అడుగులు. తాటిచెట్టు మీద తాటిచెట్టును నిలబెట్టినంత ఎత్తు. తొలి ఆటకు టికెట్ల లెక్కలో వచ్చిన జనమూ 126 వేల పైచిలుకే. అంటే బురుజు అడుగుకు వెయ్యిమంది!

అతి పెద్ద జనం

ఆ తొలి ఆట ఎఫ్‌ఏ కప్ ఫైనల్. బోల్టన్ వాండరర్స్, వెస్ట్‌హామ్ యునైటెడ్ తలపడ్డాయి. ముందస్తు టికెట్లు కొద్దివే. మిగతా వాళ్లు గేటు దగ్గర డబ్బు కట్టి లోపలికి వెళ్లొచ్చన్నారు. ఇంకేముంది, లండన్ కదిలొచ్చింది! అధికారిక లెక్క 1,26,047. గోడలు దూకినవాళ్లు, గేట్లు తోసుకొచ్చినవాళ్లు కలిస్తే 2 లక్షలని కొందరు, 3 లక్షల దాకా అని మరికొందరు. ఆ తర్వాత నుంచి ఫైనల్‌కు ముందే టికెట్ కొనాలన్న నిబంధన వచ్చింది. కొత్త వెంబ్లీలో కుర్చీలు 90,000. 2024లో బాక్సింగ్ పోటీకి మైదానంలోనూ కుర్చీలు వేస్తే 96,000 దాకా వచ్చారు. పాత లెక్కకు ఇంకా 30,000 తక్కువే.

దాన్ని మించిన మన లెక్క

వెంబ్లీ అధికారిక లెక్కను దాటిన మైదానం మన దేశంలోనే ఉంది. 1997 జులై 13న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, ఈస్ట్ బెంగాల్ - మోహన్ బగాన్. వచ్చినవాళ్లు 1,31,781 మంది. వెంబ్లీ కంటే 5,734 మంది ఎక్కువ! భైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది.

అతి ప్రసిద్ధ గుర్రం

1923 ఫైనల్‌కు హీరో ఆటగాడు కాదు, బిల్లీ అనే గుర్రం! జనం మైదానం మీదికి ఒలికిపోయారు. గడ్డి పరక కనిపించడం లేదు. జార్జ్ స్కోరీ అనే పోలీసు కానిస్టేబులు బిల్లీ మీద కూర్చుని వచ్చాడు. ముందు వరుసవాళ్లను చేతులు పట్టుకోమన్నాడు. గుర్రం మెల్లగా ఒక్కో అడుగూ వేస్తుంటే, జనం ఒక్కో అడుగూ వెనక్కి జరిగారు. అలా గీత దాకా! ఆట 45 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఆ రోజు గుర్రాల మీద వచ్చిన పోలీసులు ఇంకా ఉన్నారు. కానీ నలుపు తెలుపు ఫిల్ములో తళుక్కున మెరిసింది బిల్లీ ఒక్కటే. నిజానికి దాని రంగు బూడిద. అయినా చరిత్రలో అది ‘వైట్ హార్స్ ఫైనల్’. ఇప్పుడు స్టేడియం దగ్గరి పాదచారుల వంతెన పేరూ వైట్ హార్స్ బ్రిడ్జే.

అతి ఇరుకైన గోలు

వెంబ్లీలో తొలి గోలు బోల్టన్ ఆటగాడు డేవిడ్ జాక్‌ది, రెండో నిమిషంలో. బంతి వలలోకి దూసుకెళ్లి, వలకు ఆనుకుని నిలబడ్డ ప్రేక్షకుడికి తగిలింది! మైదానానికి గీత ఏదంటే జనమే గీత. విరామంలో ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూముకు వెళ్లడానికి దారే లేదు. అయిదు నిమిషాలు మైదానంలోనే నిలబడి రెండో సగం మొదలుపెట్టారు. చివరికి బోల్టన్ 2, వెస్ట్‌హామ్ 0.

రేడియోలో తొలి రాజు

స్టేడియం కట్టించింది అసలు ఫుట్‌బాల్ కోసం కాదు, బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన కోసం. 1924 ఏప్రిల్ 23న ఆ ప్రదర్శనను అయిదో జార్జి ప్రారంభించాడు. బ్రిటన్ రాజు గొంతు రేడియోలో వినిపించడం అదే మొదలు. రెండేళ్లలో చూసినవాళ్లు సుమారు 2 కోట్ల 70 లక్షలు. తాజ్‌మహల్, జామా మసీదు పోలికలతో భారత భవనమూ అక్కడ కొలువుతీరింది.

అతి పెద్ద ఎదుగుదల

ఆ ప్రదర్శనలో ఆర్థర్ ఎల్విన్ అనే కుర్రాడు పొగాకు కొట్టులో పని చేశాడు. ప్రదర్శన ముగిశాక ఖాళీ భవనాలను కొని, కూల్చి, సామాను అమ్మాడు. 1927కల్లా స్టేడియమే అతని చేతిలోకి వచ్చింది! తర్వాత ‘సర్’ బిరుదూ దక్కింది. అప్పట్లో వెంబ్లీలో ఏడాదికి జరిగే పెద్ద ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మరి నడిపించిందెవరు? కుక్కలు!

అతి వేగమైన కాళ్లు

1927 డిసెంబరు 10న గ్రేహౌండ్ పందేలు మొదలయ్యాయి. తొలి రాత్రే 50,000 మంది. మైదానం చుట్టూ కుక్కలకు ట్రాకు, నడుమ ఫుట్‌బాల్ గడ్డి. వాటి హోదా ఎంతంటే, 1966 ప్రపంచ కప్పే పక్కకు తప్పుకుంది. జులై 15 శుక్రవారం కుక్కల పందేల రోజు. రద్దు కుదరదన్నారు. అంతే, ఉరుగ్వే - ఫ్రాన్స్ మ్యాచ్ వైట్ సిటీ స్టేడియానికి మారింది! వెంబ్లీలో ఈ పందేలు 1998 దాకా సాగాయి.

ఇంగ్లండ్ దాటిన ఒకే ఒక్క కప్పు

ఎఫ్‌ఏ కప్ చరిత్ర 1872 ఫైనల్ నుంచి. అందులో కప్పు ఇంగ్లండ్ పొలిమేర దాటింది ఒక్కసారే. 1927లో వేల్స్ జట్టు కార్డిఫ్ సిటీ 1-0తో ఆర్సెనల్‌ను ఓడించింది. హ్యూ ఫెర్గూసన్ మెల్లగా కొట్టిన బంతి గోల్‌కీపర్ డాన్ లూయిస్ చేతుల్లోంచి జారి లోపలికి దొర్లింది. తప్పు కొత్త జెర్సీ జిడ్డుదని చెప్పుకున్నారు. వింత ఏమంటే, లూయిస్ వేల్స్ వాడే!

అతి పొట్టి వీరులు

1928 మార్చి 31. స్కాట్లండ్ ముందు వరుసలో అయిదుగురు. అందరిలో పొడుగైనవాడి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు! ఎదురుగా నిలువెత్తు ఇంగ్లండ్. ఫలితం స్కాట్లండ్ 5, ఇంగ్లండ్ 1. పొడుగైన అలెక్స్ జాక్సన్‌వి మూడు గోల్స్, అలెక్స్ జేమ్స్‌వి రెండు. ఆ జట్టుకు ‘వెంబ్లీ మాంత్రికులు’ అని పేరొచ్చింది.

పిన్నవాడు, పిల్లల తల్లి

1948 ఒలింపిక్స్‌కు వేదిక వెంబ్లీ. వచ్చిన దేశాలు 59. అమెరికా కుర్రాడు బాబ్ మథియాస్ 17 ఏళ్లకే డెకాథ్లాన్ స్వర్ణం కొట్టాడు. అదే ట్రాకు మీద నెదర్లాండ్స్ పరుగుల రాణి ఫానీ బ్లాంకర్స్ కోయెన్ 4 స్వర్ణాలు గెలిచింది. ఆమె వయసు 30. ఇద్దరు పిల్లల తల్లి. ఈ వయసులో పరుగులేమిటన్నవాళ్ల నోళ్లకు తాళం పడింది.

మనకు అతి తీపి గెలుపు

అదే ఒలింపిక్స్, అదే వెంబ్లీ, ఆగస్టు 12. హాకీ ఫైనల్లో భారత్, బ్రిటన్ ఎదురెదురు. నిన్నటి దాకా ఏలినవాళ్ల ఇంట్లో, తొలి స్వాతంత్ర్య వార్షికోత్సవానికి మూడే రోజుల ముందు, స్వతంత్ర భారత్ 4-0తో స్వర్ణం పట్టేసింది! బల్బీర్ సింగ్ రెండు గోల్స్, తర్లోచన్ సింగ్, పాట్ జాన్సెన్ చెరొకటి. కెప్టెన్ కిషన్ లాల్. స్వతంత్ర దేశంగా మనకదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

ఒకరి హ్యాట్రిక్, ఒకరి పేరు

పాత వెంబ్లీలో జరిగిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్స్ అన్నింటిలో హ్యాట్రిక్ ఒక్కటే. 1953లో బ్లాక్‌పూల్ ఆటగాడు స్టాన్ మోర్టెన్సెన్‌ది. 1-3తో వెనకబడి 4-3తో బోల్టన్‌ను ఓడించారు. కానీ ఆ ఆటకు నిలిచిన పేరు? ‘మాథ్యూస్ ఫైనల్’! కుడి అంచున దూసుకుపోతూ బంతులు అందించిన 38 ఏళ్ల స్టాన్లీ మాథ్యూస్‌కు తొలి కప్పు విజేత పతకం అదే. మూడు గోల్స్ కొట్టిన మోర్టెన్సెన్ పేరు వెనక్కి పోయింది.

అతి పెద్ద గర్వభంగం

ఐరోపా ప్రధాన భూభాగపు జట్లేవీ ఇంగ్లండ్‌ను దాని సొంత గడ్డ మీద ఓడించలేదు, 1953 నవంబరు 25 దాకా. ఆ రోజు హంగేరీ తొలి నిమిషంలోనే గోలు కొట్టింది. ఆఖరికి 6-3! హిదెగ్‌కుటి మూడు, పుష్కాష్ రెండు, బోజిక్ ఒకటి. ఆరు నెలల తర్వాత బుడాపెస్ట్‌లో 7-1. వెంబ్లీలో ఓడిన ఇంగ్లండ్ జట్టులో ఆల్ఫ్ రామ్సే అనే డిఫెండరు ఉన్నాడు. పెనాల్టీ గోలు అతనిదే. పదమూడేళ్ల తర్వాత అదే మైదానంలో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్‌కు మేనేజరూ అతనే!

అతి మొండి మెడ

బెర్ట్ ట్రాట్‌మన్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పారాట్రూపరు, బ్రిటన్‌లో యుద్ధ ఖైదీ. తర్వాత మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్. 1956 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఇంకా 17 నిమిషాలుందనగా, బంతి కోసం దూకి ప్రత్యర్థి మోకాలికి మెడ తగిలించుకున్నాడు. అప్పట్లో బదులు ఆటగాళ్లు లేరు. తూలుతూనే గోలు కాశాడు. 3-1తో కప్పు గెలిచాడు. కొన్ని రోజులకు ఎక్స్‌రే తీస్తే మెడ ఎముక విరిగి ఉంది!

కిరీటంతో వచ్చినవాడు

1963 జూన్ 18. నెత్తిన కిరీటం పెట్టుకుని బాక్సింగ్ రింగులోకి వచ్చాడు 21 ఏళ్ల కాసియస్ క్లే. చూసినవాళ్లు 35,000. నాలుగో రౌండు చివర ప్రత్యర్థి హెన్రీ కూపర్ ఎడమ చేతి దెబ్బకు కింద పడ్డాడు. గంట మోగి బతికిపోయాడు. అయిదో రౌండులో గెలుస్తానని ముందే చెప్పాడు. అయిదులోనే గెలిచాడు! తర్వాత లోకం అతన్ని పిలిచిన పేరు ముహమ్మద్ అలీ.

అతి పెద్ద కప్పు, సగం జనం

స్టేడియం చుట్టూరా పైకప్పు పూర్తయింది 1963లోనే. ఆ ఏడాది యూరోపియన్ కప్ ఫైనల్ వెంబ్లీకి తొలిసారి వచ్చింది. మిలన్ 2-1తో బెన్ఫికాను ఓడించింది. చూసినవాళ్లు 45,715 మందే! ఆ తర్వాత 1968, 1971, 1978, 1992 ఫైనల్స్ కూడా ఇక్కడే. అయిదింటిలో మిలన్, మాంచెస్టర్ యునైటెడ్, అయాక్స్, బార్సిలోనా తమ తొలి యూరోపియన్ కప్పును ఈ గడ్డ మీదే ఎత్తాయి.

అతి వివాదాస్పద గోలు

1966 జులై 30. ప్రపంచ కప్ ఫైనల్, ఇంగ్లండ్ - పశ్చిమ జర్మనీ. జనం 96,924. అసలు సమయానికి 2-2. అదనపు సమయం, ఆటకు 101వ నిమిషం. జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి క్రాస్‌బార్ కింది అంచుకు తగిలి, నిలువునా కిందపడి, పైకి లేచింది. పడింది గీత లోపలా, గీత మీదా? రిఫరీ పరుగున లైన్స్‌మన్ దగ్గరికెళ్లాడు. అజర్‌బైజాన్‌కు చెందిన తోఫిక్ బహ్రామోవ్ గోలే అన్నాడు. 3-2! ఆఖరి క్షణాల్లో హర్స్ట్ ఇంకోటి కొట్టాడు, 4-2. ఆ బంతి గీత దాటిందా అన్న తగవు నేటికీ తెగలేదు. బహ్రామోవ్ సొంత నగరం బాకూలో మాత్రం జాతీయ స్టేడియానికే అతని పేరు పెట్టేశారు!

56 ఏళ్లు ఒంటరిగా

పురుషుల ప్రపంచ కప్ ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టిన తొలి మొనగాడు హర్స్ట్. రెండోవాడు రావడానికి 56 ఏళ్లు పట్టింది. 2022లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే. హర్స్ట్ కప్పుతో ఇంటికెళ్లాడు. ఎంబాపే అదే మూడు గోల్స్ కొట్టి, పెనాల్టీ షూటౌట్‌లో జట్టు ఓడితే కప్పు లేకుండా వెళ్లాడు.

13 బస్సులు, ఒక దూకుడు

1975 మే 26. అమెరికా సాహసి ఈవిల్ కనీవెల్ మోటార్‌సైకిల్ మీద 13 బస్సులు దూకుతానన్నాడు. చూడ్డానికి 90,000 మంది. బస్సులు దాటాడు కానీ, దిగడంలో బండి అదుపు తప్పి ఎగిరిపడ్డాడు. కటి ఎముక విరిగింది. అయినా లేచి నడుస్తానని పట్టుబట్టాడు!

అతి పెద్ద పచ్చిక దోపిడీ

1977 జూన్ 4న స్కాట్లండ్ 2-1తో ఇంగ్లండ్‌ను ఓడించింది. అభిమానులు మైదానంలోకి ఉరికారు. గోల్‌పోస్టులెక్కి విరగ్గొట్టారు. గడ్డిని చదరాలుగా పెరికి ఇంటికి పట్టుకెళ్లారు. వెంబ్లీ గడ్డి స్కాట్లండ్ పెరళ్లలో పెరిగింది!

అతి గొప్ప 21 నిమిషాలు

1985 జులై 13, లైవ్ ఎయిడ్. ఇథియోపియా కరవు బాధితుల కోసం జరిగిన మహా కచేరీ. వెంబ్లీలో 72,000 మంది. క్వీన్ బృందం వేదిక మీద ఉన్నది 21 నిమిషాలే. ఆ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ ఇంటి బిడ్డ, మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నవాడు.

ఏడు రాత్రులు, అయిదు లక్షలు

1988లో మైకేల్ జాక్సన్ ఒకే పర్యటనలో వెంబ్లీలో 7 కచేరీలు చేశాడు. రాత్రికి 72,000 చొప్పున మొత్తం 5,04,000 మంది. గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఏడు రాత్రులూ ఒక్క సీటూ మిగల్లేదు.

జైలు నుంచి వేదికకు

1988 జూన్ 11న నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ వెంబ్లీలో జరిగింది. పుట్టినరోజు పెద్దమనిషి మాత్రం జైల్లో! 1990 ఫిబ్రవరి 11న విడుదల. ఏప్రిల్ 16న అదే వేదిక మీద స్వయంగా నిలబడి మాట్లాడాడు.

ఒకే రోజు రెండు ‘తొలి’లు

1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్. బలమైన లివర్‌పూల్‌కు ఎదురు చిన్న జట్టు వింబుల్డన్. గోల్‌కీపర్ డేవ్ బీసంట్ పెనాల్టీ ఆపాడు. వెంబ్లీ కప్పు ఫైనల్లో పెనాల్టీ ఆగడం అదే మొదలు. కెప్టెన్ కూడా అతనే కావడంతో, వెంబ్లీలో కప్పు ఎత్తిన తొలి గోల్‌కీపరూ అయ్యాడు. వింబుల్డన్ 1, లివర్‌పూల్ 0.

అతి తక్కువ జనం

లక్షమందిని చూసిన వెంబ్లీలో ఇంగ్లండ్ ఆటకు 15,628 మందే వచ్చిన రోజూ ఉంది. 1989 మే 23, ప్రత్యర్థి చిలీ. ఆ రోజు లండన్ భూగర్భ రైళ్ల సమ్మె. చక్రం కదలకపోతే జనమెక్కడి నుంచి వస్తారు? స్కోరు కూడా 0-0.

అతి వింత అడ్డుకోత

1995 సెప్టెంబరు 6, ఇంగ్లండ్ - కొలంబియా. గోల్‌కీపర్ రెనే హిగీటా మీదికి బంతి తేలుతూ వచ్చింది. పట్టుకుంటే సరిపోయేది. అతను గాల్లోకి ముందుకు దూకి, రెండు మడమలూ వీపు మీదుగా తేలు కొండిలా ఎత్తి బంతిని వెనక్కి తన్నేశాడు! ‘తేలు కిక్’ అని పేరు నిలిచిపోయింది. ఆ ఆటలోనూ గోల్స్ సున్నా. గుర్తున్నది ఆ ఒక్క తన్నే.

తొలి బంగారు గోలు

1996 యూరో ఫైనల్. అదనపు సమయంలో మొదటి గోలు పడగానే ఆట ముగింపు అన్న కొత్త నిబంధన. జర్మనీ తరఫున ఒలివర్ బీర్‌హాఫ్ కొట్టాడు, చెక్ జట్టు 1-2తో అక్కడికక్కడే ఓడింది. పెద్ద టోర్నీ ఫైనల్ ఇలా తేలడం అదే తొలిసారి.

అతి వేగం, అతి ఆఖరు... ఒక్కడే

1955 కప్పు ఫైనల్లో న్యూకాజిల్ ఆటగాడు జాకీ మిల్‌బర్న్ 45 సెకన్లలో గోలు కొట్టాడు. వెంబ్లీలో 42 ఏళ్లు నిలిచిన రికార్డు. 1997లో చెల్సీ ఆటగాడు రాబర్టో డి మాటియో అంతకంటే రెండు మూడు సెకన్లు ముందే కొట్టేశాడు! మళ్లీ 2000లో, పాత వెంబ్లీలో ఆఖరి కప్పు ఫైనల్. చెల్సీ 1, ఆస్టన్ విల్లా 0. ఆ ఒక్క గోలు ఎవరిది? డి మాటియోదే!

60వ ఆట, ఆఖరి గోలు, ఒక రాజీనామా

2000 అక్టోబరు 7, వాన. ఇంగ్లండ్ - జర్మనీ. టోనీ ఆడమ్స్‌కు వెంబ్లీలో అది 60వ ఆట, అదో రికార్డు. 14వ నిమిషంలో డీట్‌మర్ హామన్ ఫ్రీకిక్ నేల మీద జారుతూ లోపలికి. పాత వెంబ్లీలో ఆఖరి గోలు జర్మనీ ఖాతాలో పడింది. ఆట ముగియగానే ఇంగ్లండ్ కోచ్ కెవిన్ కీగన్ రాజీనామా చేశాడు. ఆ మాట బయటపెట్టింది స్టేడియం మరుగుదొడ్లో!

గుట్టలైన స్టేడియం

కూల్చివేత 2002లో మొదలైంది. 2003లో జంట బురుజులు నేలకొరిగాయి. వాటిని కొరికిన యంత్రం పేరు గోలియత్. శిథిలాలు ఏమయ్యాయి? పశ్చిమ లండన్‌లోని నార్తోల్ట్‌లో వేరే కట్టడాల చెత్తతో కలిపి పోసి, మట్టి కప్పి, 4 గుట్టలుగా నార్తాలా ఫీల్డ్స్ అనే పార్కు చేశారు. 2008లో జనానికి తెరిచారు.

39 నుంచి 107

పాత వెంబ్లీలో గెలిచిన కెప్టెన్ కప్పు కోసం రాయల్ బాక్సు దాకా ఎక్కాల్సిన మెట్లు 39. 2007లో తెరుచుకున్న కొత్త స్టేడియంలో బురుజుల్లేవు, 133 మీటర్ల ఎత్తున 315 మీటర్ల ఉక్కు విల్లు ఉంది. మెట్లేమో 107! కప్పు దగ్గరికి దారి 68 మెట్లు పెరిగింది. ఓడిన జట్టుకూ పతకాలు పైనే ఇస్తారు. వాళ్లూ అవే 107 ఎక్కాల్సిందే!